రజితక్క ఫోన్‌లో నా గొంతు

"రజిత పోయిందంటనే..."

నిన్న పొద్దున అమ్మ ఫోన్ పట్టుకుని వంటింట్లోనే కూలబడిపోయింది. నేను స్కూల్ షూస్ వేసుకుంటున్నాను. రెండో షూ చేతిలోనే ఉండిపోయింది.

మొన్నటిదాకా ఉట్టి ఫీవర్ అన్నారు. డెంగీ అంట. ప్లేట్‌లెట్స్ పడిపోయాయంట.

ఇది క్లోజ్ ఫ్రెండ్స్‌కి మాత్రమే. స్క్రీన్‌షాట్ తియ్యకండి, ప్లీజ్.

రజితక్క మా పెద్దమ్మ కూతురు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఎల్బీనగర్ కాలనీల్లో బోర్లు ఎండిపోతే ఇళ్ళల్లో మనుషులు ఎలా బతుకుతున్నారు, గవర్నమెంట్ ఏం చెయ్యాలి... అదీ తన టాపిక్.

మా గల్లీలో సర్వేకి నన్నూ తీసుకెళ్ళింది.

"నువ్వుంటేనే గేట్లు తీస్తున్నరే. నన్ను చూసి చీరలమ్మేటామె అనుకుంటున్నరు" అని ఒకటే నవ్వు.

గేట్లు తీసేవాళ్ళు. కానీ అందరిదీ ఒకే ఆన్సర్. "నీళ్ళకేం తిప్పల్లేదమ్మా."

వెనకాల సంప్‌లో ట్యాంకర్ పైప్ వేసే ఉంటుంది!

నీళ్ళు లేవని తెలిస్తే కిరాయికి ఎవరొస్తారు? అందుకే. మా అమ్మ కూడా అక్కకి అదే ఆన్సర్ ఇచ్చింది. మా గేటుకీ టు-లెట్ బోర్డుంది.

మేడ మీద అక్కకి నేను మాత్రం నిజం చెప్పాను. నన్ను అడిగే ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసింది. మా బోర్ ఎండిపోయిందని, పైన కిరాయికుండే ఆంటీ బాబుని ఎత్తుకుని బకెట్లు మోస్తోందని, నాన్నేమో వాళ్ళకి మోటర్ రిపేర్ అని అబద్ధం చెప్తున్నాడని.

"భయపడకు. నీ పేరు యాడ రాయ. ఎవ్వరికి ఇనిపియ్య" అంది.

ఇవాళ చంపాపేట్‌లో పెద్దమ్మ వాళ్ళింట్లో అందరం కూర్చున్నాం. పెద్దమ్మ అక్క ఫోన్ తీసి ఆ సర్వే రికార్డింగ్స్ పెట్టింది.

"నమస్తే ఆంటీ, జర రెండు నిమిషాలు..."

అక్క గొంతు వినపడగానే పెద్దమ్మ ఫోన్ చెంపకి ఆనించుకుంది.

"ఆపకుర్రి. నా బిడ్డ మాట్లాడుతున్నది."

ఒకటి అయిపోగానే ఇంకోటి. ఎదురుగా మా నాన్న.

నాది కూడా అందులోనే ఉంది.

ఇంతలో బ్యాటరీ అయిపోవచ్చింది. "చార్జింగ్ పెట్టు బిడ్డా, పైలం" అని పెద్దమ్మ ఫోన్ నా చేతికే ఇచ్చింది.

లోపలి రూమ్‌లో నా రికార్డింగ్ వెతికాను. డిలీట్ దాకా వేలు వెళ్ళింది కూడా.

ఒక్కసారి ప్లే చేశాను. ముందు అక్క గొంతే. "చెప్పండి మేడమ్ గారూ" అని నన్ను ఆటపట్టిస్తూ నవ్వుతోంది.

డిలీట్ చెయ్యలేదు.

పెద్దమ్మ ఫోన్ కోసం పిలుస్తోంది. నాన్నని బయటికి పిలిచి ముందు నేనే చెప్పేస్తాను. కొడతాడేమో. తెలీదు.

కాలనీ వాళ్ళ రికార్డింగ్స్ మాత్రం ఇంకెవరికీ వినిపించకుండా అక్క పీహెచ్‌డీ గైడ్ మేడమ్‌కే ఇవ్వమని పెద్దమ్మని బతిమాలతాను. వాళ్ళకీ అక్క అదే మాటిచ్చింది.

వెళ్ళిరా రజితక్కా. నువ్వున్న చోట నొప్పీ, భయం ఏవీ నీ దగ్గరికి రాకూడదు.