గీత పడని పొర

"ప్రోటీన్ అసలు తయారే కాలేదేమో."

నేనీ మాట అనగానే ఆవిడ నా మొహం చూడలేదు, నా ముందున్న, ప్రోటీన్లు ఎక్కించిన కాగితంలాంటి పొర చూసింది. తెల్లగా ఉంది. మచ్చయినా లేదు.

మా ల్యాబులో అందరూ చాటుగా ఆవిడని అత్తగారంటారు. ఎవరు "అయిపోయింది" అన్నా తన కళ్లతో చూస్తేగానీ ఒప్పుకోదు. ఆ పేరు ఆవిడకీ తెలుసు. "అత్తగారొచ్చింది, గిన్నెలు చూపించండి" అంటూనే లోపలికొస్తుంది. చదువవగానే ఇక్కడ చేరింది, ఇక్కడే జుట్టు నెరిసింది. పెద్ద పదవి ఇస్తామంటే, ప్రయోగాల బల్ల వదిలి కుర్చీలో కూర్చోలేనందిట.

ఆ మధ్యాహ్నం మీటింగులో ప్రోటీన్ ఉన్నట్టు చూపించకపోతే నా ప్రాజెక్టు ఆపేస్తారు. దానితోపాటే నా ఉద్యోగమూ పోతుంది. మేం కణాల్లో తయారుచేయిస్తున్న ఆ ప్రోటీన్‌కి గుర్తుగా చిన్న తోక తగిలించాం. తోకని పట్టుకునే యాంటీబాడీకి ఒక ఎంజైమ్ అతికి ఉంటుంది. రంగు ద్రవం పోస్తే, పొరమీద ఆ ప్రోటీన్ ఉన్నచోట నీలం గీత పడాలి.

"తోక ఉందని తెలిసిన ప్రోటీన్ కూడా పక్కన పెట్టావుగా, దాని గీతేదీ?" అంది.

అదీ పడలేదు. కంగారులో నేను చూసుకోనేలేదు.

ఆవిడ రెండు గొట్టాలు తీసుకుంది. ఒకదాంట్లో మామూలు నీళ్లు, రెండోదాంట్లో నేను పొర కడగడానికి వాడిన సీసాలోవి పోసింది. రెండింట్లోనూ ఎంజైమున్న యాంటీబాడీ చుక్క, రంగు ద్రవం వేసింది. మొదటిది నీలమైంది. రెండోది ఉలకలేదు, పలకలేదు.

సీసా తిప్పి చూసి నిట్టూర్చింది. "ఇది నేను కలిపిందే. బూజు పట్టకుండా అజైడ్ వేశాను, చీటీ అంటించడం మరిచాను. ఆ అజైడే నీ ఎంజైమ్ పనిపట్టింది. అత్తగారి పేరు నిలబెట్టుకున్నాను, పో."

తప్పు తనదేనని తానే వెళ్లి మీటింగు నడిపే సార్‌కి చెప్పి, మా వంతు చివరికి వేయించింది. పొరని కొత్త ద్రావణంతో కడిగాను. యాంటీబాడీ మళ్లీ వేసి, ఆగి, కడిగి, రంగు పోశాను. తెలిసిన ప్రోటీన్ గీత ముందు తేలింది. నాది ఉండాల్సినచోట ఇంకా తెలుపే. కాసేపటికి అక్కడా వెంట్రుకంత నీలం.

ప్రాజెక్టు ఆగలేదు.

ఇప్పుడు మా పాప ఒళ్లు వెచ్చగా ఉన్నా థర్మామీటర్‌లో అంకె పైకి కదలకపోతే, ముందు ఆ థర్మామీటర్ని నా చంకలో పెట్టుకుని చూస్తాను. ఆ సాయంత్రం ఆవిడ చెప్పిందిదే: "కనిపించలేదంటే లేదని కాదమ్మాయ్. చూపించేది పనిచేస్తోందో లేదో ముందు చూసుకో. ఏడుపు తర్వాత."