పోపుల పెట్టెలో ఫ్యూజులు

తెల్లవారగానే కొందరు సూర్యుడికి దండం పెడతారు, కొందరు తులసమ్మకు నీళ్లు పోస్తారు, మరికొందరు ఫోనుకు మొహం చూపిస్తారు. బన్సీలాల్‌పేట్‌లోని ఆ ఇరుకు గల్లీలో రాఘవేందర్ సారు మాత్రం కారు ఫ్యూజులను దర్శించుకుంటాడు. స్నానం చేసి, నుదుట నామం దిద్దుకుని, పూజ ముగించి, ఇంటి ముందు నిలబెట్టిన తన తెల్ల కారు తలుపు తీస్తాడు. స్టీరింగు కింద, మోకాలి దగ్గరుండే చిన్న మూత ఊడదీసి, లోపల వరసగా కూర్చున్న రంగురంగుల ఫ్యూజులను పేరుపేరునా పలకరిస్తాడు. దేవుడికి మూడు నిమిషాలు, ఫ్యూజులకు పదిహేను. దేవుడు అర్థం చేసుకుంటాడని ఆయన నమ్మకం. అర్థం చేసుకున్నట్టే ఉంది, ఇన్నేళ్లలో ఒక్కనాడూ నిలదీయలేదు.

ఆయన తన కారుతో ఆగి ఉంటే గల్లీకి పేచీ లేకపోను. కానీ ఆయన ఇల్లు గల్లీ మొదట్లో ఉంది. ఎవరి కారు బయటికి పోవాలన్నా ఆయన వేసుకు కూర్చున్న ప్లాస్టిక్ స్టూలును దాటే పోవాలి. స్టూలు దాటాలంటే ఆయన చాచిన చేయి దాటాలి. చేయి దాటాలంటే ప్రశ్న దాటాలి.

"ఫ్యూజు చూసినవా?"

చూశానన్నా వదలడు, చూడలేదన్నా వదలడు. విమానాశ్రయంలో కూడా నడుం బెల్టు విప్పించి పంపేస్తారు గానీ ఇంత సేపు నిలబెట్టరు.

సర్కారు ఆఫీసులో ముప్పై రెండేళ్లు స్టోర్ కీపరుగా చేసి దిగిన మనిషి. చీటీ అంటించని వస్తువును చూస్తే ఆయనకు నిద్ర పట్టదు. అందుకని ఫ్యూజులు దాచడానికి ఇంట్లో అన్నిటికన్నా యోగ్యమైన పాత్రను ఎంచుకున్నాడు. అది ఆయన భార్య విజయమ్మ పోపుల పెట్టె. ఆవాల గిన్నెలో ఎర్రవి, పది నంబరు. జీలకర్ర గిన్నెలో నీలివి, పదిహేను. మెంతుల్లో పసుపుపచ్చవి, ఇరవై. విజయమ్మ ఆవాలు, జీలకర్ర, మెంతులు కలిసిమెలిసి ఒకే సీసాలో కాపురం చేస్తున్నాయి.

"ఏందమ్మా, చారుల ఆవాల కంటె మెంతులెక్కువ పడ్డయి?" అని ఎవరైనా అడిగితే ఆవిడ భర్త వైపు చూసి, "ఫ్యూజుల పుణ్యం" అనేది.

లోకంలో ఏ కష్టానికైనా ఆయన దగ్గర ఒకటే మందు. నల్లా రాకపోతే ఫ్యూజు చూడమంటాడు. మిఠాయి దుకాణం హరికిషన్‌కు మోకాళ్ల నొప్పులొస్తే, "మనిషికి సుత ఎక్కడో ఒక ఫ్యూజు ఉంటది, డాక్టర్లు మూత తియ్యరు" అన్నాడు. ఇంతకీ ఆ తెల్ల కారు గల్లీ దాటగా చూసినవాడు లేడు. ఆరేళ్లుగా తుడిపించుకుంటోంది, ఫ్యూజులు చూపించుకుంటోంది, మళ్లీ ముసుగు కప్పుకుంటోంది. పెట్రోలు మీద ప్రేమ అని కొందరు, టైర్ల మీద ప్రేమ అని కొందరు తీర్మానించారు.

ఈ మహానుభావుడి ఇంటి పైవాటాలో అద్దెకు దిగినవాడు వరహాలబాబు. బొబ్బిలి దగ్గరి ఊరు వాడిది. సొంత కారు నడుపుకుంటూ పెళ్లాం లోవమ్మను పోషించుకుంటున్నాడు. వాడికి నమ్మకమైన బేరం ఒక్కటే ఉంది. వెనక గల్లీలో ఉండే ప్రిసిల్లా అనే నర్సమ్మను రోజూ పొద్దున ఆరింటికి ఎక్కించుకుని, ఆరున్నరకల్లా ఆస్పత్రి ఆపరేషన్ థియేటరు దగ్గర దింపాలి. ఆవిడ నెల తప్పకుండా డబ్బిస్తుంది, మాట తప్పకుండా ఉంటుంది. మిగతా బేరాలు వానలాంటివి, పడితే పడతాయి. ఇది నల్లా లాంటిది.

ఆ నల్లాకు అడ్డంగా రాఘవేందర్ సారు స్టూలు వేసుకు కూర్చున్నాడు.

"కీ తీసి నా చేతుల పెట్టు."

"మేస్టారూ, ఆలీసమైపోతాది. సిస్టరమ్మ సూత్తా ఉంటాది."

"నేను మాస్టర్ను గాదు, స్టోర్ కీపర్ను. కీ."

వరహాలబాబు కీ ఇచ్చాడు.

"లైట్లు బంద్ చేసినవా? పాట?"

"అది యెంకన్నబాబు పాటండీ!"

"బంద్ జెయ్యి. దేవునికి కరెంటు తోటి పని లేదు. ఫ్యూజుకు ఉన్నది. నువ్వు లోపటికి పోయి మీ విజయక్క దగ్గర చాయ్ తాగిరా, నేను చూస్త."

అది మరో శిక్ష. ఏ కారు ఆపినా, దాని యజమానిని లోపలికి తోలి చాయ్ తాగించాల్సిందే. చాయ్ వద్దన్నవాడి కారు కదిలేది కాదు. కప్పు ఖాళీ చేసి వచ్చేసరికి సారు మూత బిగించి, చేతులు తుడుచుకుంటూ ఉండేవాడు.

ఆ రోజు వరహాలబాబు చాయ్ తొందరగా మింగి వచ్చాడు. సారు ఒక ఫ్యూజును వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"గీ నడుమ తీగ చూడు తమ్మీ. ఈ కొస నుంచి ఆ కొసకు తెగకుండ ఉన్నదా? ఉంటే బతికున్నట్టు. తెగితే పోయినట్టు. పోయినదాని జాగల గదే రంగు, గదే నంబరు పెట్టాలె."

"పెద్ద నంబరు ఎట్టీసుకుంటే మరి పోదు కదండీ?"

ఈ మాట అనకుండా ఉండవలసింది. రాఘవేందర్ సారు గుండె మీద చేయి వేసుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"విజయా! జెర మంచినీళ్లు తే! ఈ పోరడు పదిహేను జాగల ముప్పై పెడ్తడట!"

నీళ్లు తాగి తేరుకున్నాక ఉపన్యాసం షురూ అయింది. "ఫ్యూజు ఎందుకున్నదిరా? వైరు కాలకుండ తను కాలిపోతది. నువ్వు ముప్పై పెట్టినవనుకో, అది కాళ్లు జాపుకొని కూసుంటది. వైరు కాలుతది. వైరు తర్వాత కారు. కారుల ఎవరుంటరు?"

"నానేనండీ."

"సిస్టరమ్మ సుత ఉంటది. ఆమె ఏం పాపం జేసింది?"

ఆ ఉపన్యాసం ధర్మమా అని ఆ వారంలో మూడోసారి ఆలస్యమైంది. ప్రిసిల్లా కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"బాబన్నా, పేషెంట్‌ని టేబుల్ మీద పండబెట్టి నా కోసం ఆగరు కదా? నీకు ఫ్యూజ్ అంకుల్ ఉన్నడని సర్జన్ గారికి ఏం చెప్పాలె? ఇంకొక్కసారి లేట్ అయితే వేరే బండి చూసుకుంట. సారీ అన్నా."

మెత్తగా చెప్పిన మాట గట్టిగా తగిలింది.

ఆ ఆదివారం సికింద్రాబాద్ బోనాలు. లోవమ్మకు ఊళ్లో పైడితల్లి అమ్మవారి మీద ఎంత భక్తో, ఇక్కడి మహంకాళమ్మ మీదా అంతే. అమ్మవారు అమ్మవారే కదా, ఊరు మారితే మారుతుందా! కారును కడిగించి, పసుపు రాయించి, వేపకొమ్మలు కట్టించింది. బంపరుకు కట్టారు, అద్దాలకు కట్టారు. ఇంకా ఒక మోపు మిగిలింది.

"ఇవి ఎక్కడ కట్టనే?"

"అద్దం తుడిసే ఆ రెండు సేతులూ ఖాళీగానే ఉన్నాయి గదా మావా, ఆటికి కట్టీ."

కట్టాడు. కారు కారులా లేదు, కదిలే వేపచెట్టులా ఉంది. సాయంత్రం కొమ్మలన్నీ విప్పేశాడు. అన్నీ అనే అనుకున్నాడు.

సోమవారం తెల్లారేసరికి వాన. వరహాలబాబు మంచం మీదే ఒక పథకం వేశాడు. సారు దేవుడి గదిలో ఉండేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో కారు చప్పుడు కాకుండా స్టూలు దాటిపోవాలి. ఇంజను వేస్తే వింటాడు. అందుకని వాడు స్టీరింగు దగ్గర కూర్చుంటే, లోవమ్మ నెత్తిన గోనెసంచి కప్పుకుని వెనక నుంచి తోసింది.

"ఓలమ్మో, ఇది కారేటి, ఏనుగేటి?"

"గట్టిగా మాటాడకే! మేస్టారికి ఇనిపిస్తాది!"

"పెళ్లినాడు నీ ఎనకాల ఏడడుగులు నడిసినందుకు, ఈ రోజు నీ కారు ఎనకాల డెబ్బయ్యడుగులు నడుస్తన్నాను."

లోపల గంట వినిపిస్తుండగా కారు స్టూలు దాటేసింది. స్వామి కూడా వాళ్ల పక్షమే అనిపించింది.

ప్రిసిల్లా ఎక్కింది. వాన దంచుతోంది. పెద్ద రోడ్డు ఎక్కగానే వైపర్లు ఒకసారి కిర్రుమన్నాయి, సగం దూరం వచ్చాయి, అద్దం మధ్యలో దండం పెడుతున్నట్టు ఆగిపోయాయి. ముందు రోడ్డు లేదు, నీళ్లున్నాయి. వరహాలబాబు తల బయట పెట్టి, పాకించుకుంటూ తీసుకెళ్లి, మెట్రో స్టేషన్ కింద వాన పడనిచోట ఓ పక్కకు ఆపాడు. ప్రిసిల్లా గడియారం చూసుకుంది. 

పక్కనే చాయ్ బండి ఆయన, అడగకుండానే వైద్యం చెప్పాడు. "ఫ్యూజు పోయుంటది భాయ్. సిగరెట్ డబ్బల తెల్ల రేకు ఉంటది గదా, చుట్టి పెట్టు, చల్తా." రేకు కూడా ఉచితంగా ఇచ్చాడు. మన దేశంలో ఇలాంటి దాతలకు కొదవలేదు.

రేకు చేత్తో పట్టుకుని వరహాలబాబు మోకాలి దగ్గరి మూత లాగాడు. మూత వెనక నుంచి ఒక అగరొత్తుల కవరు జారి ఒళ్లో పడింది. అందులో వేలెడంత టార్చి, పట్టకారు లాంటి ప్లాస్టిక్ చిమ్టా, రెండు నీలి ఫ్యూజులు, ఒక ఎర్రది, ఒక పసుపుది, నాలుగు మడతల కాగితం. స్టోర్ కీపరు దస్తూరీ. ప్రిసిల్లా లాక్కుని పైకి చదివింది.

"తమ్మీ వరహాలూ, ఇది చదువుతున్నవంటే నన్ను తప్పించుకొని పోయినవ్. మంచిది. ముందు బండి పక్కకు ఆపు. కీ తియ్యి. వైపరు, లైట్లు, నీ పాట అన్నీ బంద్. తడి చేతులు తుడుచుకో. టార్చి సిస్టరమ్మకు ఇయ్యి. ఆమె ఆపరేషన్లు చూసిన మనిషి, చెయ్యి వణకది. నీది వణుకుతది."

వరహాలబాబు లుంగీ ముక్కతో చేతులు తుడుచుకుని టార్చి అందించాడు.

"మూత వెనక బొమ్మల ఏ ఫ్యూజు దేనిదో ఉంటది. వానకాలం కాబట్టి వైపరే అయ్యుంటది. నీలం, పదిహేను. చిమ్టాతోటి సీదా పైకి గుంజు, పండ్లతోటి గాదు. తీగ తెగితే కొత్త నీలం పెట్టు. ఆకుపచ్చ ముప్పై పెడ్తవని తెలిసే నేను అది పెట్టలే. చేతుల సిగరెట్ రేకు ఉంటే పారెయ్యి."

వాడు దొంగలా చుట్టూ చూసి రేకు పారేశాడు. పాత ఫ్యూజును టార్చి వెలుగులో చూశారు. నడుమ తీగ తెగి ఉంది. కొత్త నీలం పెట్టి, కీ వేసి, వైపరు తిప్పాడు. వైపర్లు జానెడు లేచి మళ్లీ చచ్చాయి.

"ఇంకోటుంది కదా, ఎట్టీస్తాను!"

"ఆగు బాబన్నా! కింద ఇంకొక లైన్ ఉన్నది. 'కొత్తది సుత పోతే ఇంకోటి పెట్టకు. అది ఊకె చావది. ఎందుకు పోయిందో చూడు.' ముందు కీ తియ్యి, స్విచ్ బంద్ చెయ్యి."

ఆవిడ దిగి, అద్దం కింద వైపరు మొదలు దగ్గర టార్చి వేసి చూసింది. జాలీ సందులో, పసుపుదారం చుట్టుకున్న వేపపుల్ల ఒకటి ఇరుక్కుని, వైపరు మోకాలిని బిగబట్టి ఉంది. తల్లో పిన్ను తీసి, పురిట్లో బిడ్డను తీసినంత నెమ్మదిగా దాన్ని బయటికి లాగింది.

"అమ్మోరే!" అన్నాడు వరహాలబాబు.

ప్రిసిల్లా మెడలో సిలువ ఉంది. అయినా ఆ పుల్లను రోడ్డు మీద వేయలేదు. రెండు చేతులతో వాడికి అందించింది. వాడు కళ్లకద్దుకుని డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు. రెండో నీలం పెట్టగానే వైపర్లు ఆడాయి.

ఆస్పత్రి గేటు దగ్గర గడియారం ఆరూ ఇరవై తొమ్మిది. ప్రిసిల్లా దిగుతూ, "రేపటి నుంచి నేను పావుగంట ముందే రెడీ ఉంట. అంకుల్ దగ్గర ఆగినంక పోదాం" అంది. వేరే బండి మాట ఎత్తలేదు.

వరహాలబాబు గల్లీకి తిరిగొచ్చి ఈ కథ చెప్పగానే, గల్లీ అంతా పరుగెత్తి ఎవరి కారు మూత వాళ్లు ఊడదీశారు. ప్రతి కారులోనూ అగరొత్తుల కవరు. ప్రతి కవరులోనూ ఒక కాగితం. హరికిషన్ కాగితంలో, "కారుల లడ్డూలు పెట్టకు, ఎలుకలు వైర్లు కొరుకుతయి. మోకాళ్లు నొస్తే వంగకు, నాకు ఫోన్ చెయ్యి, వస్త" అని ఉంది. ఆరేళ్లుగా ఆయనకు పిచ్చి అని ధ్రువపత్రాలిచ్చిన గల్లీ, కవర్లను ఎక్కడివక్కడే జాగ్రత్తగా పెట్టి మూతలు బిగించింది. అది ఆ గల్లీకి అలవాటు లేని విద్య.

వరహాలబాబు వెళ్లి కాళ్లకు దండం పెట్టబోతే సారు కాళ్లు స్టూలు కిందికి లాక్కున్నాడు.

"తప్పైపోయింది మేస్టారూ. మీ కళ్లుగప్పి ఎల్లిపోనాను."

"కళ్లేడ గప్పినవ్? హారతి పట్టుకొని కిటికీల నుంచి చూస్తనే ఉన్న. లోవమ్మ వానల తోస్తుంటే పాపమనిపించింది. నేను సుత వచ్చి తోద్దామనుకున్న, హారతి మధ్యల లేవద్దని మీ అక్క ఆపింది."

"మరి ఆ కవరు సంగతి ముందే సెప్పొచ్చు కదండీ?"

"చెప్తే తీసి చూస్తరు. చూస్తే పారేస్తరు. అందుకే చాయ్‌కు తోలేది."

వంటింట్లో మెంతుల చారు పోపు చిటపటలాడింది. రాఘవేందర్ సారు అటు చూశాడు, ఇటు చూశాడు, స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"నీతోటి ఒక పని పడ్డది తమ్మీ. ఎవ్వరికీ చెప్పొద్దు."

"సెప్పండి మేస్టారూ, పేనమైనా ఇస్తాను."

"పానం నువ్వే ఉంచుకో. మీ అక్కను మన కారుల యాదగిరిగుట్టకు తీస్కపోతనని ఆరేండ్ల కింద మాటిచ్చిన."

"మరి తీసుకెల్లండి! మీ ఫ్యూజులన్నీ లక్షణంగా ఉన్నాయి కదా!"

సారు ముసుగు కప్పిన తెల్ల కారు వైపు ఒకసారి, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"ఫ్యూజులు మంచిగనే ఉన్నయి తమ్మీ. నాకే నడుపుడు రాదు. జెర నేర్పియ్యరాదు?"