మినుకుమనని తెర

మా బాపు ఇరవై ఏళ్లకు పైగా భూపాలపల్లిలో బొగ్గు లారీ నడిపాడు. ఆయనకు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు మాత్రం లారీలో లేడు. కాటారంలో చాయ్ హోటల్ ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు జారిందనీ, ఎడమచేతి బొటనవేలు కొట్టుకోవడం మొదలైందనీ, ఆ తర్వాత మనిషే కింద పడిపోయాడనీ అక్కడున్నవాళ్లు అమ్మకు చెప్పారు. హనుమకొండలో డాక్టరు స్కాన్ చూసి, మెదడులో చిన్న మచ్చ ఉందన్నాడు. మళ్లీ రావచ్చు, రోజూ రెండుపూటలా గోళీలు వేసుకోవాలి, ఇక బండి ముట్టుకోవద్దు అన్నాడు. బాపు అన్నిటికీ తల ఊపాడు. దవాఖాన మెట్లు దిగుతూ నాతో, "ఒక్కపారి కండ్లు తిరిగినందుకు గింత కథనా బిడ్డా?" అన్నాడు.

ఆయన నమ్మలేదు. నాకు జబ్బుకంటే అదే ఎక్కువ భయం. ఫిట్స్ వచ్చిన మనిషికి ఆ నిమిషాలు గుర్తుండవు. చాయ్ తాగుతున్నాడు, కళ్లు తెరిచేసరికి చుట్టూ జనం ఉన్నారు. ఆయనకు తెలిసింది అంతే. మధ్యలో జరిగినదంతా మేం చెప్పే మాటే.

నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. నాట్ల కాలంలో ఒక పొద్దున అమ్మ ఫోన్ చేసింది.

"మీ బాపు పక్కింటోళ్ల ట్రాక్టర్ తీస్కపోయిండు. ట్రాలీల నాటేసే ఆడోళ్లు పదకొండు మంది ఉన్నరు. నేను మొత్తుకున్నా ఇనలే."

ఆ రోజు ఏమీ కాలేదు. గంటన్నర తర్వాత క్షేమంగా తిరిగొచ్చి, బువ్వ తిని పడుకున్నాడట. ఆ గంటన్నరా నేను బోర్డు మీద ఏం రాశానో నాకు తెలియదు.

లారీ నడిపే కంప్యూటర్ ఆట ఒకటుందని బడిలో పిల్లల మాటల్లో విన్నాను. స్టీరింగు, పెడల్స్ తగిలించుకుని కుర్చీలో కూర్చుని నడపవచ్చట. బాపును ఇంట్లో కూర్చోబెట్టడానికి నాకు అంతకు మించి దారి తోచలేదు. ముందు డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను. 

"తెర మినుకుమంటే ఫిట్స్ వచ్చేవాళ్లు కొందరే. మీ నాన్నది ఆ రకం అనుకోను. అయినా ఖాయంగా చెప్పలేను. వెలుతురున్న గదిలో, కొంచెంసేపే ఆడనివ్వండి. నిద్ర, గోళీలు మాత్రం తప్పకూడదు."

నా చెవిలో 'ఖాయంగా చెప్పలేను' అన్న ముక్కే ఉండిపోయింది.

అప్పటి నుంచి మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఫోన్‌లో వీడియోలు చూసేదాన్ని. గేమింగ్ కంప్యూటర్ కొనేవాళ్లు తక్కువలో ఎక్కువ వేగం ఎట్లా వస్తుందో చూస్తారు. నేను ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్న అడిగాను. దీనివల్ల మా బాపు కింద పడతాడా?

జనగామలో కంప్యూటర్ దుకాణం అతను మంచివాడే. నా బడ్జెట్ చెప్పగానే రెండు దారులు చూపించాడు. ఒకటి, నాలుగు కోర్ల చవక ప్రాసెసర్, దానికి తోడు తెర మీద బొమ్మను నడిపే గ్రాఫిక్స్ కార్డు, అదీ ఎవరో వాడి అమ్మింది. రెండోది, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ఆరు కోర్ల ప్రాసెసర్, కార్డు అవసరం లేదు.

"కార్డుంటే బొమ్మ జబర్దస్తుగుంటదక్కా. చూడు, నడిపి చూపిస్త."

తెర మీద ఒక కారు పరుగెత్తింది. నిజంగానే బాగుంది. మూడు నాలుగు నిమిషాలయ్యాక తెరంతా ఒక్కసారి తెల్లగా మెరిసింది. ఆరింది. మళ్లీ మెరిసింది. ఆ మెరుపుల్లో దుకాణం గోడలు కూడా వెలిగి ఆరాయి. 

"పాతది గదా, వేడైతే గట్ల చేస్తది. ఏం కాదు" అన్నాడతను.

"వద్దన్నా. ఆరు కోర్లదే ఇయ్యి."

ఆ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు విడిగా మెమరీ ఉండదు, ర్యామునే వాడుకుంటుంది కాబట్టి ర్యాము ఒకటే పెద్దది కాకుండా ఎనిమిది జీబీలవి రెండు వేయించాను. అప్పుడు బొమ్మ ఆగి ఆగి రాదు. ఇవన్నీ బిగించే డబ్బా, అదే క్యాబినెట్‌తో వచ్చే పేరులేని పవర్ సప్లై తీయించి మంచిది పెట్టించాను. వెలుతురు తగ్గించినా మినుకుమనని మానిటర్ కావాలన్నాను. మినుకుమనే తెరైతే కెమెరాలో చారలు కనిపిస్తాయట. ఫోన్ కెమెరా తెరకు ఎదురుగా పట్టి, చారలు పడుతున్నాయేమో చూసి చూసి మూడోది తీసుకున్నాను. చివరికి క్యాబినెట్ దగ్గర అతనికి ఓపిక పోయింది. రంగురంగుల లైట్లు మారే ఫ్యాన్లు వద్దన్నాను మరి.

"లైట్లు లేకుంటె గేమింగ్ పీసీ ఎట్లయితదక్కా? ఎవలికి ఇది?"

"మా బాపుకు."

అతను నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేసి లైట్లు లేని ఫ్యాన్లు వెతికి బిగించాడు.

స్టీరింగు, పెడల్స్ మహబూబాబాద్‌లో ఒకాయన దగ్గర వాడినవి దొరికాయి. ఆదివారం రైల్లో పోయి తెచ్చుకున్నాను. మరుసటి శనివారం డబ్బాలన్నీ తీసుకుని మా ఊరికి బయల్దేరి హనుమకొండలో బస్సు మారాను. క్యాబినెట్‌ను ఒడిలోనే పెట్టుకున్నాను. భూపాలపల్లి దాటి అడవిలోకి వచ్చాక రోడ్డు గతుకులకు లోపల ఏదో టక్కుమని కదిలింది. పగిలిందేమోనని కాదు, పగలకుండా సగం కదిలి, ఇంట్లో బాగానే నడిచి, ఒక రోజు ఉన్నట్టుండి మెరుస్తుందేమోనని భయపడ్డాను.

ముందు గదిలో కిటికీ పక్కన పెట్టాను. కరెంటు హెచ్చుతగ్గులకు తెర ఊగకుండా యూపీఎస్ తగిలించాను. బాపు కుర్చీలో కూర్చున్నాడు. ఆట మొదలుపెట్టకముందే ఎడమ అద్దం చూశాడు, కుడి అద్దం చూశాడు. లారీ కదిలాక నా వైపు తిరగకుండానే, "గేరు మెత్తగ పడ్తలేదు గని, మంచిగనే ఉన్నది" అన్నాడు. జబ్బు వచ్చిన తర్వాత ఆయన గొంతులో ఆ పాత డ్రైవరు తీరు వినడం అదే మొదలు. నేను తెర చూడలేదు. ఆయన ఎడమచేతి బొటనవేలు చూస్తూ నిలబడ్డాను.

మొదట్లో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. తర్వాత అమ్మ ఫోన్‌లో చెప్పడం మొదలుపెట్టింది. "బువ్వకు గూడ లేస్తలేడు. పిలిస్తె, లోడున్నదే, నడిమిట్ల ఆపరాదంటడు." అంటూనే నవ్వేది. ట్రాక్టర్ మాట మళ్లీ ఎత్తలేదని సంబరపడేది. నేనూ నవ్వేదాన్ని. ఫోన్ పెట్టేశాక మాత్రం మనసు కుదుటపడేది కాదు.

దసరా సెలవులకు పోయినప్పుడు బాపు చిక్కినట్టు కనిపించాడు. కళ్ల కింద నలుపు. అడిగితే నిద్ర బాగానే పడుతుందన్నాడు. మూడో రోజు సాయంత్రం నేను, అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నాం. ముందు గదిలోంచి లారీ చప్పుడు వస్తోంది. చప్పుడు పెరగడం, గేరు పడగానే తగ్గడం, ఆ వరుస మాకు అలవాటైపోయింది. ఈసారి పెరిగింది. పెరుగుతూనే ఉంది. అమ్మ చెయ్యి ఆగింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

నేను వెళ్లేసరికి బాపు కుర్చీలో కర్రలా బిగుసుకుపోయి ఉన్నాడు. తల ఒక పక్కకు తిరిగింది. కుడికాలు పెడల్‌ను నేలకు అదిమి పెట్టింది. ఇద్దరం పట్టుకుని దించి పక్కకు తిప్పి పడుకోబెట్టాం. తల కింద అమ్మ తన కొంగు మడిచి పెట్టింది. నేను ఫోన్‌లో సమయం చూస్తున్నాను. లాగినప్పుడు కుర్చీ పెడల్ మీద అడ్డం పడ్డట్టుంది, ఇంజను అరుస్తూనే ఉంది.

"అది బందువెట్టు బిడ్డా! బందువెట్టు!" అని అమ్మ ఏడ్చింది. స్పీకర్ వైరు పీకేశాను. రెండున్నర నిమిషాలకు బాపు ఒళ్లు వదులైంది.

చాలాసేపు పడుకుని లేచాడు. నీళ్లు తాగి, "నిద్రవట్టిందా నాకు?" అని అడిగాడు.

"ఫిట్స్ వచ్చింది బాపు."

"ఏం రాలే. నేను బ్రిడ్జి ఎక్కుతున్న గదా."

కంప్యూటర్ ఆర్పడం నేను మరిచిపోయాను. ఆయన తల తిప్పి తెర చూశాడు. లారీ చేనులో పక్కకు ఒరిగి పడి ఉంది. బాపు లేచి కుర్చీ దగ్గరికి నడిచాడు. ఒక మీట నొక్కి, లారీ వెనకవైపు కనిపించేలా చూపు తిప్పాడు. బ్రిడ్జి చాలా వెనక ఉంది. బ్రిడ్జి దాటాక రోడ్డు వంపు తిరిగింది, లారీ మాత్రం తిరగకుండా నేరుగా వచ్చేసింది.

"బ్రిడ్జి దాటింది నాకు యాదికి లేదు" అన్నాడు మెల్లగా. అమ్మ వైపు తిరిగి, "ఆ పొద్దు ట్రాలీల ఆడోళ్లుండిరి" అన్నాడు.  ఆయన చేతులు రెండూ చూసుకుంటూ అట్లాగే నిలబడ్డాడు.

గోళీల సంగతి ఆ రాత్రి బువ్వ తినేటప్పుడు తనే చెప్పాడు. వారం నుంచి వేసుకోవడం లేదట.

"ఏసుకుంటె మబ్బుమబ్బుగుంటది బిడ్డా. మబ్బుల బండి ఎట్ల నడుపుత?"

మరునాడు పొద్దున తనంతట తనే పక్కింటికి పోయి, "నేను అడిగినా సరే, తాళం నా చేతికియ్యకుండ్రి" అని చెప్పి వచ్చాడు. డాక్టరు దగ్గరికి పోతే, ఫిట్స్ రావడానికి గోళీలు మానేయడం ఒక్కటే చాలు అన్నాడు. తెర కూడా కారణమా అని నేను అడిగాను. కాదని ఆయన అనలేదు. ప్రాసెసర్, ర్యాము, మానిటర్, లైట్లు, అన్నీ వెతికి వెతికి ఎంచుకున్నాను. గోళీ మానేసి నడిపేంతగా బాపు ఆ లారీని ఇష్టపడతాడని మాత్రం అనుకోలేదు.

కంప్యూటర్ ఇప్పుడు జనగామలో నా గదిలో ఉంది. దాని మీద పరీక్ష పేపర్లు తయారుచేస్తాను. బాపు ఇప్పుడు గోళీలు అమ్మ ముందే వేసుకుంటాడు. అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, మిషన్ మంచిగ నడుస్తుందా అని అడుగుతాడు. నడుస్తుందంటాను. అవతల చప్పుడు ఆగితే మళ్లీ కింద పడ్డాడేమో అనిపిస్తుంది. ఆయన గొంతు మళ్లీ వినిపించేదాకా నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంటాను.