బావ కారు ముందు చక్రాలు

పోయిన నెల మా చిన్నల్లుడు నన్ను గరాచర్మలో కొత్తగా పెట్టిన అలైన్‌మెంట్ షాపుకి వెంటబెట్టుకెళ్లాడు. ఉన్న ఒక్క కారుకీ స్ప్రింగులు మార్పించి, అడుగున అరచెయ్యి పట్టనంతగా కిందికి దింపించుకున్నాడు మహానుభావుడు. దాన్ని ఓడెక్కించి మద్రాసు పట్టుకెళ్లి, అక్కడ పందేల ట్రాక్ మీద రెండు రోజులు సరదాగా తిప్పుకొస్తాడట. షాపువాళ్లు కారుని ర్యాంపు ఎక్కించి, నాలుగు చక్రాలకీ ఏవో పలకలు బిగించేసరికి ఎదురుగా తెర మీద అంకెలు ఎర్రగా కొన్ని, పచ్చగా కొన్ని వెలిగాయి. అప్పుడు అల్లుడు నా వైపు తిరిగి, "మావయ్యా, రోడ్డు సెట్టింగ్ వదిలేసి ట్రాక్ సెట్టింగే పెట్టించెయ్యనా? మీరేటంటారు?" అన్నాడు. పాత మెకానిక్‌ని కదా, మర్యాదకి అడిగాడు. నేను అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. నీకేది కావాలో అదే చెప్పు నాయనా, పెట్టాక మాత్రం నువ్వే దగ్గరుండి చూసుకో అని అనగలిగాను, అంతే. ముసలాయనకి యంత్రాలంటే బెదురనుకుని నవ్వి, మంచినీళ్లు తెప్పించాడు.

యంత్రమంటే నాకేం బెదురు లేదు. నేను బెదిరింది ఆ ప్రశ్నకి. అదే ప్రశ్న దాదాపు యాభై ఏళ్ల కిందట మా బావ నన్ను అడగకుండానే, నేనే జవాబు ఇచ్చేశాను. ఆ సంగతి ఇన్నాళ్లూ నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నానంటే ధైర్యం వచ్చి కాదు, ఆ సంగతిలో ఉన్న మిగతా ఇద్దరూ ఇప్పుడు లేరు కనక.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వడ్రంగి పనికి ఓడలో ఈ దీవులకి వచ్చి, తిరిగి వెళ్లడం మరిచిపోయిన మనుషుల్లో ఒకడు. షాదీపూర్‌లో రేకుల ఇల్లు, ఆదివారం తెలుగు ఆరాధన, వీధిలోకి వస్తే హిందీ, ఇదీ మా బతుకు. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దదైన అక్కే నన్ను పెంచింది, తల దువ్వింది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది. అక్కకి పెళ్లయ్యేనాటికి నేను మోటారు షెడ్డులో పనివాడిని. ఆ రోజుల్లో షెడ్డు పని ఎలా ఉండేదో మీలో నా ఈడువాళ్లకి తెలిసే ఉంటుంది. బేరింగు పోతే ఓడ రావాలి, ఓడ వచ్చినా అందులో బేరింగు రావాలి. అంతవరకూ బండిని ఎలాగో నడిపించడమే పనితనం. మా మేస్త్రి తుప్పుపట్టిన బోల్టుని కూడా పారెయ్యనిచ్చేవాడు కాదు, పారేస్తే సముద్రం దాటి వెళ్లి నువ్వే తేవాలి అనేవాడు.

బావ ఒక కలప కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. లారీ, జీపు, ఏదైనా సరే ఆయన చేతిలో మాట వినేది. మలుపు దగ్గర ఎంత వేగంతో వెళ్లాలో, ఎక్కడ బ్రేకు తొక్కాలో ఆయన లెక్కపెట్టుకునేవాడు కాదు, కాలికే తెలిసేది. ఆయన పక్క సీట్లో కూర్చోవడం నాకు పండగ. ఆ కాంట్రాక్టరు ఒక ఏడాది మద్రాసు నుంచి రెండు సీట్ల విదేశీ కారు ఒకటి ఓడలో దింపించాడు. పాతదే గాని స్ప్రింగులు కోయించి నేలకి దించేసిన బండి, జెట్టీ మీద క్రేను దాన్ని దింపుతుంటే ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. మన రోడ్ల మీద అది ఎందుకు పనికొస్తుందో ఎవరికీ తెలియదు, బహుశా ఆయనకీ తెలియదు. కాని ఫెరార్గంజ్ దగ్గర కొత్తగా తారు వేసి ఇంకా బళ్లు వదలని రోడ్డు ముక్క ఒకటి ఉండేది. అక్కడ నూనె డ్రమ్ములు నిలబెట్టి, ఒక్కో బండినీ విడివిడిగా వదిలి గడియారం పట్టుకుని వేగం చూసే సరదా ఒకటి ఏర్పాటు చేశారు. కాంట్రాక్టరు కారుని నడపవలసింది మా బావ. అలైన్‌మెంట్ పెట్టవలసింది నేను.

తెరలూ అంకెలూ ఎక్కడివి మనకి? కారుకి అటూ ఇటూ వల అల్లే నైలాన్ దారం బిగించి లాగి, రిమ్ము ముందు అంచు నుంచి ఎంత, వెనక అంచు నుంచి ఎంత అని స్కేలుతో కొలిచేవాళ్లం. చక్రం తల లోపలికి ఎంత వాలిందో నాన్న తూకం గుండు వేలాడదీసి చూసేవాడిని. చక్రాల ముక్కులు కాస్త లోపలికి తిరిగి ఉంటే బండి తిన్నగా, బుద్ధిగా పోతుంది. కాస్త బయటికి తిప్పి, తలలు లోపలికి వాల్చామా, స్టీరింగు తాకీ తాకకముందే మలుపులోకి దూకుతుంది. మొదటిది రోడ్డుకి, రెండోది పందేనికి. ఆ రెండోది టైర్లని నమిలి మింగేస్తుంది. దీవి మొత్తం మీద ఆ కారుకి ఉన్నవి ఆ నాలుగు టైర్లే. అందుకని పందేనికి పది రోజుల ముందు కారుని లారీలో వేసి ఫెరార్గంజ్ తీసుకెళ్లి, అక్కడ పందెం సెట్టింగు పెట్టి, బావ సాధన చేశాక మళ్లీ రోడ్డు సెట్టింగుకి తిప్పేశాను. పందెం రోజు పొద్దున్న మళ్లీ పందేనికి మార్చాలంటే, చక్రాల్ని కలిపే టై రాడ్డుని రెండు వైపులా అర చుట్టు తిప్పి, చక్రాన్ని పైనుంచి పట్టుకునే పైచేతి దగ్గర రెండేసి పలచటి ఇనప రేకులు తియ్యడం, అంతే పని. అన్నిటికీ సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నాను.

ఆ సాధన రోజున నేను పక్కన కూర్చున్నాను. నిజం చెప్పాలంటే హడలిపోయాను. ఆ కారు బావ ఆలోచనని కూడా వినేస్తోందా అనిపించింది. డ్రమ్ము మీదికి వెళ్లిపోతున్నాం, అయిపోయింది అనుకునేలోపు గిర్రున తిరిగి అవతలుండేవాళ్లం. బావ మాత్రం పకపకా నవ్వుతున్నాడు. చూడ్డానికి వచ్చిన అక్క నవ్వలేదు. అప్పుడు అక్కకి ఏడో నెల. కారు వెనక భాగం ఒక మలుపులో జారడం తను చూసింది.

పందెం ముందు రోజు సాయంత్రం బావ ఇంట్లో లేనప్పుడు అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, పొయ్యి వైపే చూస్తూ చెప్పింది. "ఒరే తమ్ముడూ, ఆ కారు నెమ్మదిగా తిరిగేటట్టు పెట్టరా. మీ బావకి చెప్పకు. నాకు బలే బయమేస్తందిరా." నేను కుదరదన్నాను, బావ ఊరుకోడన్నాను. అక్క నా చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది. ఆ తరవాత నేను కాదనలేకపోయాను. పైగా నాకూ భయంగానే ఉంది కనక, ఆమె అడగడం నాకు లోపల్లోపల హాయిగా కూడా అనిపించింది. కారు మందకొడిగా ఉంటే బావ నెమ్మదిగా వెళతాడు, ఓడిపోతాడు, ఇంటికొస్తాడు, ఇంతే నేను ఆలోచించింది. మెకానిక్‌నై ఉండి, చక్రాల సంగతి చూసుకున్నాను గాని ఆయన కాలి సంగతి మరిచిపోయాను.

మర్నాడు పొద్దున్న బావ నడుస్తూ డ్రమ్ముల దారి చూడ్డానికి వెళ్లాడు. నేను కారుని జాకీతో ఎత్తి కింద పడుకున్నాను. లాకు నట్టు వదులు చేశాను, రాడ్డు తిప్పకుండా మళ్లీ బిగించాను. రేకుల్ని తియ్యకుండానే పానాతో రెండుసార్లు గట్టిగా చప్పుడు చేశాను, దూరానికి వినపడాలని. పానా జారి నా నుదుటికి తగిలింది. బయటికి వచ్చేసరికి బావ ఎదురుగా ఉన్నాడు. "మొన్న పెట్టిందే పెట్టేవా?" అన్నాడు. పెట్టేశాను బావా అన్నాను. "శాబాష్" అని భుజం తట్టి వెళ్లిపోయాడు. వంగి చూడలేదు. నేను చేసిన పనిని ఆయన ఏనాడూ వంగి చూసినవాడు కాడు.

మన సంఘాల్లో కొత్త బండికీ, కొత్త ఇంటికీ, దూరప్రయాణానికీ ప్రార్థన చేయించడం మీకు తెలిసిందే. షాదీపూర్ నుంచి మా పాస్టరు గారు కూడా వచ్చారు. బానెట్ మీద చేతులుంచి కళ్లు మూసుకుని నడిపే వాడి కోసం, అతని భార్య కోసం, పుట్టబోయే బిడ్డ కోసం నిదానంగా ప్రార్థించి, చివర "ఈ చక్రాలను నమ్మకంగా అమర్చిన చేతులను కూడా దీవించండి ప్రభువా" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. కళ్లు తెరిచి చూస్తే అక్క కూడా కళ్లు తెరిచే ఉంది, నా వైపే చూస్తోంది. అప్పుడైనా బావ దగ్గరికి పరిగెత్తి చెప్పేస్తే సరిపోయేది. ఒక్క మాట, ఇవాళ ఇది మొన్నటి కారు కాదు బావా అని. చెబితే ఆయన అందరి ముందూ నన్ను తిడతాడనీ, కాంట్రాక్టరు నన్ను పనిలోంచి తీసేయిస్తాడనీ భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని అంతకన్నా పెద్ద భయం. రెండు భయాల మధ్య నిలబడిపోయాను, జెండా ఊపేశారు.

మొదటి మలుపు మేం నిలబడ్డ చోటే. కొబ్బరి తాడు కట్టి దాని వెనక ఆడవాళ్లనీ పిల్లల్నీ నిలబెట్టారు. బావ మొన్న ఎంత వేగంతో వచ్చాడో అంతే వేగంతో వచ్చాడు, మొన్న ఎక్కడ బ్రేకు తొక్కాడో అక్కడే తొక్కాడు, మొన్న తిప్పినంతే తిప్పాడు. కారు తిరగలేదు. తిన్నగా, బుద్ధిగా, నేను పెట్టినట్టే, మా మీదికి వచ్చేస్తోంది. టైర్లు కీచుమంటున్నాయి. బావ మొహంలో మొదట కనిపించింది భయం కాదు, అయోమయం. తెలిసిన దారిలో గోడ అడ్డమొచ్చినవాడి చూపు అది. అక్క కడుపు రెండు చేతులా పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. తాడుకి రెండు బారల దూరంలో ఆయన స్టీరింగుని అవతలి వైపుకి కోసేసి కారుని పక్కనున్న మురుగు కాలవలోకి దింపేశాడు. ఆ చప్పుడు చెవుల్లోంచి పోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఎవరికీ ఏమీ కాలేదు. బావ ఎడమ మణికట్టు మాత్రం విరిగింది. అందరూ ఆయన్ని పైకి లాగుతుంటే నేను ముందు చక్రాల దగ్గరికి వెళ్లాను. టై రాడ్డు వంగి మెలిదిరిగిపోయింది, చక్రం పైచేయి ఊడొచ్చింది, రేకులు బురదలో ఎక్కడో ఉన్నాయి. నేనేం పెట్టానో, ఏం పెట్టలేదో చెప్పడానికి ఏ గుర్తూ మిగల్లేదు. అమ్మయ్య అనుకున్నాను. బావ చెయ్యి విరిగిన అదే నిమిషంలో అమ్మయ్య అనుకున్నాను చూశారూ, అది తలచుకుంటే ఇప్పటికీ నాకు నామీద అసహ్యం వేస్తుంది.

ఆసుపత్రిలో కట్టు కట్టాక, అక్క పక్కనుండగానే, బావ మెల్లిగా అడిగాడు. "నిజం సెప్పరా, ఏటీ మార్చలేదు కదా?" నేను అక్క వైపు చూశాను. అక్క దుప్పటి సర్దుతోంది. ఏమీ మార్చలేదు బావా అన్నాను. విచిత్రమేమిటంటే, ఆ మాటలో అబద్ధం లేదు. ఆయన "అయితే నాదే గల్తీ. లేటుగా తొక్కేను. నాకు అంచనా పోయింది" అన్నాడు. కాంట్రాక్టరు వచ్చి అరిచినప్పుడూ అదే చెప్పాడు, గల్తీ నాదే సాబ్ అని. నేను గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను.

అక్కకి నెల తిరక్కుండా నొప్పులొచ్చి, బిడ్డ చిన్నదైనా దక్కింది. ఆ పిల్ల ఇప్పుడు ఇక్కడే టీచరుగా చేస్తోంది. ఆ ఉదయం గురించి అక్కా నేనూ మళ్లీ ఒక్క మాట అనుకోలేదు. ఒకరినొకరు చూసుకుంటే అర్థమైపోయేది కనక, చూసుకోవడమే తగ్గించేశాం. బావ చెయ్యి అతికాక బస్సు డ్రైవరుగా చేరి ఫెరార్గంజ్ వైపు రూటులోనే పాతికేళ్లు నడిపాడు. ఎంత నెమ్మదంటే, మలుపు రాకముందే హారను కొట్టి, గేరు దించి, నడిచే మనిషి దాటిపోయేంతగా ఆగిపోయేవాడు. పెద్ద పండగకైనా, ఎవరి చావుకైనా ఆ బస్సు అంతే. తనకి అంచనా పోయిందని ఆయన నమ్మాడు, ఆ నమ్మకంతోనే ముసలివాడై పోయాడు.

ఇప్పుడా దారంతా వెడల్పు చేశారు. మలుపులు కోసి తిన్నగా చేశారు, బళ్లు రివ్వున పోతున్నాయి, భయమన్నది ఎవరి మొహంలోనూ కనబడదు. మంచిదే, మనం పడ్డ అవస్థలు వీళ్లకెందుకు. ఒకప్పుడు గరాచర్మ దాటాక వచ్చే ప్రతి మలుపులోనూ ఆ బస్సు అలా పాకుతుంటే సీట్లలో కుర్రకారు గోలపెట్టేవాళ్లు. డ్రైవర్ భయ్యా, దిగి తొయ్యమంటావా అని వెక్కిరించేవాళ్లు, బస్సంతా నవ్వేది, బావ కూడా అద్దంలోకి చూసి సిగ్గుపడుతూ నవ్వేవాడు. వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవాణ్ని నేను. అప్పుడైనా లేచి ముందుకి వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేసి, నీ తప్పేం లేదు బావా అని ఉండవచ్చు. పాతికేళ్లు ఆ బస్సెక్కాను, ప్రతిసారీ నా స్టాపు వచ్చేసేది.