తలుపు లేని కథ

ఆ హైస్కూల్లో ఇంగ్లిష్ మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు 'ఎక్కడుంది మాస్టారు'. కథలో ఫలానా మనిషి మంచివాడని ఎవరైనా నోరు జారితే చాలు, "ఎక్కడుంది? ఏ వాక్యంలో ఉంది? చూపించు" అని ప్రాణం తీసేవారు. కథ మీద వ్యాసం రాయడమంటే ఆయన దృష్టిలో ఇంతే. నీకేమనిపించిందో చెప్పాలి, అది కథలో ఎక్కడుందో చూపించాలి, దాన్నిబట్టి ఏం తేలిందో రాయాలి. పక్కింటావిడకి మనమంటే పడదని భార్య అన్నా "ఎక్కడుంది?" అనేవారట. "నా ఖర్మలో ఉంది" అనేదావిడ.

ఈ ఏడు పరీక్షలో వ్యాసం ఎత్తేశారు. నాలుగు జవాబులిస్తే ఒకదానికి టిక్కు పెట్టడమే. హెడ్మిస్ట్రెస్ మాస్టారిని గదిలోకి పిలిచింది. ఆవిడ ఒకప్పుడు ఆయన శిష్యురాలు. అలిగి వెళ్లిపోయిన చెల్లెలు తిరిగొస్తుందని ఒక అక్క తలుపు తెరిచే ఉంచే కథ ఒకటి పాఠంగా ఉండేది. దాని మీద అప్పట్లో ఈవిడ రాసిన వ్యాసాన్ని మాస్టారు ఇప్పటికీ ఏటేటా క్లాసులో చదివి మురిసిపోతుంటారు.

"వారానికి రెండు పీరియడ్లు వ్యాసాలకే పోతున్నాయి మాస్టారూ. పిల్లలు బట్టీ పట్టి అప్పజెబుతున్నారు, అంతే."

"ఎక్కడుంది?"

ఆవిడకి నవ్వొచ్చింది. "సరే, మీరే చూడండి. వాళ్లెప్పుడూ చదవని కథ ఇవ్వండి. ఒక్కరంటే ఒక్కరు సొంతంగా రాసినా ఆ పీరియడ్లు మీవే. లేదంటే లెక్కల సార్‌కి ఇచ్చేస్తాను."

మాస్టారికి ఎక్కడలేని హుషారు వచ్చింది. వెతికి వెతికి ఒక చిన్న కథ తెచ్చి, పిల్లలందరికీ తలో కాపీ పంచారు. ఏటి మీద వంతెన కట్టాక ఎవరూ ఎక్కని పడవని ఒక ముసలాయన రోజూ ఖాళీగా అవతలి ఒడ్డుకు నడుపుతుంటాడు. పిల్లలు తలలు వంచుకుని రాస్తుంటే ఆయనకి కడుపు నిండిపోయింది.

స్టాఫ్ రూములో మొదటి కాగితం తీశారు. 'తెరిచి ఉంచిన తలుపు ఆశకు గుర్తు. ఈ సంగతి నాలుగో పేరాలో ఉంది' అని రాసుంది. రెండోదీ అంతే. మూడోవాడు కాస్త తెలివైనవాడు, 'పడవకు ఉన్న తలుపు' అని రాశాడు. మాస్టారు పగలబడి నవ్వారు.

"ఏమిటండీ?" అన్నాడు పక్కనున్న లెక్కల సార్.

"పడవకి తలుపు బిగించారయ్యా!"

కట్ట సగానికొచ్చేసరికి నవ్వు పోయింది. చివరిదాకా ఒక్కటీ వేరుగా లేదు. 'ఎక్కడుంది' అని అడుగుతారని తెలుసు గనక, ఎక్కడుందో కూడా బట్టీ పట్టేశారు. అన్నేళ్లూ తను నేర్పింది ఇదేనా అని ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

హెడ్మిస్ట్రెస్ రెండు కాగితాలు చూసి పక్కన పెట్టేసింది. దెప్పలేదు.

"పోనీలేమ్మా" అన్నారు మాస్టారు. "నువ్వు రాశావుగా, నాకదొక్కటి చాలు. లెక్కల సార్‌కి ఇచ్చేముందు చివరి పీరియడ్లో నీ వ్యాసమే చదివి ముగిస్తాను."

"వద్దు మాస్టారూ."

"ఏం?"

"నేను అసలా తలుపు కథే చదవలేదు. తలుపు మాట వచ్చినప్పుడల్లా మీ గొంతు మారిపోయేది. ఏం రాస్తే మీకు నచ్చుతుందో మీ మొహం చూసి రాశాను. మీరు మెచ్చుకున్నారు. ఇప్పుడు వీళ్లు దాన్నే బట్టీ పడుతున్నారు. ఇకనైనా చదవకండి మాస్టారూ, మీ కాళ్లు పట్టుకుంటాను."

మాస్టారు ఎక్కడుంది అని అడగలేదు. కాగితాల కట్ట అక్కడే వదిలేసి బయటికొచ్చేశారు.

చివరి పీరియడ్లో ఆయన వ్యాసం చదవలేదు. ఏమీ రాయనక్కర్లేదు, ఊరికే వినండి అని చెప్పి పడవ కథ మొదలుపెట్టారు. అవతలి ఒడ్డున ముసలాయన ఖాళీ పడవలోకి చెయ్యందించి, ఎవరినో దింపుతున్నట్టు నిలబడే చోటికొచ్చేసరికి మాస్టారి గొంతు పూడుకుపోయింది. ఆగి, తలెత్తారు.

ముందు బెంచీలో పిల్ల తన ముందున్న కథ కాగితం వైపు చూడటం లేదు. ఆయన మొహంలోకి చూసి, గబగబా పెన్ను మూత తీసి, ఆ వాక్యం కింద గీత గీసుకుంది. అది చూసి పక్కపిల్లా గీసుకుంది.