రెండో నంబర్ సంతోషం

ఎల్బీ నగర్‌లో ఒక చర్చి చర్చంతా నా మూలంగా ఒక పరరాష్ట్రపు దైవజనుణ్ణి ఏడిపించింది. అదే రోజు నా పెళ్లి కూడా కుదిరింది. రెండింటికీ కారణం ఒక్కటే, నా ఇంగ్లీషు. ఎట్లా జరిగిందో చెప్తాను, నవ్వేటప్పుడు అప్పటి నా కుర్రతనం కాస్త గుర్తుంచుకోండి.

అప్పటికి నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు నెలల స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు పూర్తి చేసి ఉన్నాను. వనస్థలిపురంలో కూరగాయల బండి దగ్గర కూడా ఇంగ్లీషులోనే బేరమాడి, అందరికన్నా ఎక్కువ రేటుకు టమాటాలు తెచ్చేవాణ్ణి. ఆ కీర్తి మా పాస్టర్ గారి దాకా పోయింది. మేఘాలయ నుంచి వచ్చిన దైవజనుడు ఆదివారం ఇంగ్లీషులో వాక్యం చెప్తారు, ఎప్పుడూ తర్జుమా చేసే మాస్టారికి గొంతు పోయింది, నువ్వు నిలబడతావా అని అడిగారు. కష్టమైతే ముందే చెప్పమని కూడా అన్నారు. నాకు కష్టమేమిటి?

పైగా ఆ ఆదివారం బడంగ్‌పేట్ నుంచి ఏసుపాదం గారు వస్తున్నారు. సిటీ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కూతురు ఎస్తేరు దవాఖానలో నర్సు. ఆమెను నాకు అడిగారు మావాళ్లు. ఫోటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆయన మాత్రం ఏమీ తేల్చకుండా, "పిలగాడు నలుగుర్ల ఎట్ల మాట్లాడ్తడో చూసి చెప్త," అన్నారట.

తర్జుమా సంగతి తెలుసు కదా. దైవజనుడు ఒక ముక్క చెప్పి ఆగుతారు, ఆయన నోరు మూసేలోపు మనం అందుకోవాలి. ఆలోచించే వ్యవధి ఉండదు. నేను దానికి సొంత సోకు ఒకటి కలిపాను. ఆయన ఒక మాటంటే నేను రెండు వేస్తాను. లవ్ అంటే ప్రేమ, అనురాగం. పీస్ అంటే శాంతి, సమాధానం. మొదటి వరుసలో ఏసుపాదం గారు తలూపారు. మూడో వరుసలో ఎస్తేరు కూడా చూస్తోంది. ఇక నన్ను పట్టేవాడు లేడు.

అప్పుడాయన హ్యాపీనెస్ అన్నారు. నేను గొంతు పెంచి, "సంతోషం, ఆనందం," అన్నాను.

ఆయన చిరునవ్వు నవ్వి, ఇవాళ్టి ప్రసంగమంతా ఒక్కటే, హ్యాపీనెస్ వేరు, జాయ్ వేరు అన్నారు.

అక్కడ చచ్చాను. నా దగ్గరున్నవే రెండు మాటలు, రెండూ హ్యాపీనెస్‌కే ధారపోశాను. ఇంకేదో మాట అనొచ్చు కదా అంటారు మీరు. కుర్చీలో కూర్చుని చదివేవాళ్లకు తడతాయి. మైకు ముందు నిలబడ్డవాడికి కన్నతల్లి పేరు కూడా తట్టదు. హ్యాపీనెస్ పోతుంది, జాయ్ ఉంటుంది అన్నారాయన.

"సంతోషం పోతుంది," అన్నాను. "సంతోషం ఉంటుంది."

వెనక ఒక అవ్వ పక్కామెను గట్టిగానే అడిగింది. "పోతదా, ఉంటదా? ఏదో ఒకటి చెప్పుమను."

బుద్ధున్నవాడైతే ఆయన వైపు తిరిగి, అయ్యా, ఈ రెండింటికీ తేడా ఏమిటని అడిగేవాడు. కానీ ఏసుపాదం గారి నొసలు ముడిపడింది. పరువు పోతే ఎస్తేరు పోతుంది. అందుకని నేను గొంతు సవరించుకుని, సంతోషాలు రెండు రకాలని ప్రకటించాను. ఒకటో నంబర్ సంతోషం సాయంత్రానికి పోతుంది. రెండో నంబర్ సంతోషం చివరిదాకా ఉంటుంది.

జనం ఊపిరి పీల్చుకున్నారు. జీవితమంతా బస్సు నంబర్లతో గడిపిన ఏసుపాదం గారి ముఖం వెలిగిపోయింది. అరగంట సేపు నంబర్లు చక్కగా నడిచాయి. అవ్వ వేళ్లతో లెక్కపెట్టుకుంటూ వింది.

ఆఖర్లో దైవజనుడు జనాన్ని చేతులెత్తమన్నారు. మీలో జాయ్ ఎవరికి కావాలి అని ముందు అడిగారు. నా కళ్లు మూడో వరుసలో ఉన్నాయి. ముందు అడిగింది కాబట్టి నా నోటికి ఒకటే వచ్చింది.

"ఒకటో నంబర్ సంతోషం ఎవరికి కావాలి?"

ఒక్క చెయ్యి లేవలేదు. ఆయన తెల్లబోయారు. బాగా ఆలోచించుకోండి అన్నారు, అదీ చెప్పాను. జనం మరింత గట్టిగా చేతులు కట్టుకున్నారు. అయితే మీకు రేపటికి ఆరిపోయే హ్యాపీనెస్సే కావాలా అని ఆయన దాదాపు బతిమాలారు.

"మరి రెండో నంబర్?"

చర్చంతా లేచి నిలబడింది. ఏసుపాదం గారు రెండు చేతులూ ఎత్తారు.

దైవజనుడు జేబురుమాలు తీసి కళ్లొత్తుకుని, మోకాళ్ల మీద పడి, జాయ్ వద్దంటున్న ఈ ప్రజల మీద జాలి చూపమని కన్నీళ్లతో ప్రార్థించారు. నంబర్లు తిరగేశానని అప్పటికి నాకు అర్థమైంది. కానీ తర్జుమా ఆపకూడదు కదా.

"ప్రభువా, వీళ్లకు రెండు నంబర్లూ ఇయ్యి," అన్నాను. ఆమెన్ అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచారందరూ.

మూడో వరుసలో ఎస్తేరు పాటల పుస్తకంలో ముఖం దాచుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. ఏసుపాదం గారు కూతుర్ని చూశారు, నన్ను చూశారు, బయటికి రాగానే మా నాన్న చెయ్యి పట్టుకున్నారు.

"నా బిడ్డ గట్టి గుండెది. అది ఏడ్వంగ ఇంతవరకు చూడలే. మీ పిలగాని మాటకు ఏడ్చింది. ఇగ అడిగేదేం లేదు బావా," అన్నారు.

ఆమె ఏడ్చిందో నవ్విందో పెళ్లైన వారానికి ఆమే చెప్పింది. మలయాళీ నర్సుల మధ్య పనిచేసే మనిషికి రోజంతా ఇంగ్లీషే. సంతోషం పోతుంది, సంతోషం ఉంటుంది అన్న దగ్గరే ఆమెకు దొరికిపోయానట. ఆ సంగతి మామయ్యకు ఇప్పటికీ తెలియదు.

కావున సమస్త సంఘానికి తెలియజేయునది ఏమనగా, ఈ సామ్యేలు ఇకపై ఒక ఇంగ్లీషు మాటకు ఒకే ఒక తెలుగు మాట వాడును. తెలియనిది తెలియదని మైకులోనే ఒప్పుకొనును. మైకు కనబడిన యెడల రోడ్డుకు అవతలి పక్క నడుచును.

మొన్న పెళ్లిరోజున ధైర్యం చేసి ఎస్తేరును అడిగాను, నన్ను చేసుకున్నందుకు నీకు దొరికింది ఏ నంబర్ సంతోషమని.

"ముందు ఏ నంబర్ ఏందో సక్కగ చెప్పు," అంది. "తర్వాత చెయ్యి లేపుతా."