గేదె ఒంటికి పత్తి మందు

మా ఊళ్లో పత్తి వేయడం మొదలయ్యాక పత్తి మందు పడని చోటు లేకుండా పోయింది. చీమలకు అదే, నల్లులకు అదే, గేదె ఒంటిని పట్టుకుని రక్తం తాగే గోమార్లకూ అదే. బకెట్ నీళ్ళలో ఒక మూత మందు కలిపి గుడ్డతో తుడిస్తే గోమార్లు రాలిపోతాయని ఊరంతా నమ్మేది. కిందటిసారి మా గేదెకు రాలలేదు. అందుకని ఈసారి నాన్న మూతను నమ్మలేదు, సీసాను నమ్మాడు.

నేనప్పుడు నరసరావుపేటలో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంట్లో ఉన్నాను. చదువుతూ అనేది మర్యాదకు అంటున్నాను.

తుడిచిన కాసేపటికి గేదె నోటి నుంచి చొంగ తీగలు తీగలుగా సాగింది. కళ్ళ వెంట నీళ్ళు. తొడల మీద చర్మం కింద ఎలుకలు పరిగెత్తుతున్నట్టు కండలు అదిరాయి. లేవబోయి కూలబడింది, కూలబడి లేవబోయింది. పుట్టగానే తల్లిని పోగొట్టుకున్న దీన్ని, దూడప్పుడు అమ్మే సీసాతో పాలు పట్టి పెంచింది. ఇప్పుడు అమ్మ పాకలోకి ఒకసారి, వాకిట్లోకి ఒకసారి తిరుగుతూ ఎక్కడా నిలవలేకపోతోంది.

పక్కింటి మామ వచ్చి తీర్పు చెప్పాడు. "పామురా. కాలి మీద కాటు చూడు."

"అది పోయినేడు ముళ్ళకంప గీరుకున్న మచ్చ మామా."

"అయితే పోయినేడు కరిచిందేమో."

నకరికల్లు నుంచి పశువుల డాక్టరు స్కూటరు మీద వచ్చాడు. గేదె వీపు దగ్గర వాసన చూసి, "ఏం పూశారు?" అన్నాడు. నాన్న పాక కప్పు వైపు చూశాడు.

"పత్తికి కొట్టేదేనండి. బర్రెకు పచ్చపురుగు పట్టిందని" అన్నాను.

డాక్టరు నవ్వలేదు. ముందు సబ్బుతో ఒళ్ళంతా కడగమన్నాడు. మేం కడుగుతుంటే తన దగ్గరున్న విరుగుడు, అట్రోపిన్ సూది వేస్తూ చెప్పాడు. నరం కండకు బిగించమని ఒక మాట చెబుతుంది. పని కాగానే ఆ మాట చెరిగిపోవాలి. ఈ మందు దాన్ని చెరగనివ్వదు, అందుకే కండలు ఆగకుండా కొట్టుకుంటాయి.

"మా నాయనమ్మ లాగా, పట్టిన మాట వదలదు" అన్నాను. నాన్న నన్ను చూసిన చూపుకు కూడా ఏదైనా విరుగుడు ఉంటే బాగుండేది.

"వణుకు ఈ సూదికి తగ్గదు, అది చూసి కంగారు పడమాకండి" అన్నాడు డాక్టరు. "నోరు ఆరిందా, ఊపిరి తేలికైందా, అదే చూడండి. నా దగ్గరున్నవి చాలవు. బర్రె ఒంటికి చానా కావాలి."

బాబాయి మోటార్ సైకిల్ తీసుకుని నరసరావుపేటకు పోయాను. దానికి హారన్ తప్ప అన్నీ మోగేవి. మందుల షాపు భాయ్ నేనడిగిన లెక్క విని చేతిలో పని ఆపేశాడు.

"ఎవరు తాగారు?"

"ఎవరూ తాగలేదు భాయ్."

"తాగకుండా ఇన్ని ఎందుకయ్యా? ఆడమనిషా, మగమనిషా?"

"ఆడదే. బర్రె."

"బర్రెకేం కష్టమొచ్చింది?"

"గోమార్లు."

నవ్వుతాడనుకున్నాను. గాజు యాంపుల్స్ పగలకుండా కాగితంలో చుడుతూ, "ఈ వారంలో దీని కోసం వచ్చినోళ్ళలో మనిషికి కాకుండా అడిగింది నువ్వొక్కడివే. పో, తొందరగా పో" అన్నాడు. తిరిగొచ్చే దారిలో రెండు వైపులా పత్తి చేలే. ఎటు చూసినా వీపు మీద డబ్బా మోస్తూ మందు కొడుతున్నవాళ్ళే. బండిని ఇంకా గట్టిగా తోలాను.

యాంపుల్స్ విరుస్తూ, నింపుతూ, పొడుస్తూ డాక్టరు చాలాసేపు ఉన్నాడు. చివరికి గేదె నోట్లో వేలు పెట్టి చూసి, ఆరిందన్నాడు. మేం ఊపిరి పీల్చుకోబోతుంటే ఆపేశాడు.

"ఈ సూది చొంగనొక్కదాన్నే ఆపదు, పొట్టను కూడా ఆపుద్ది. ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి ఉంచండి. లోపల కదిలితే బతికినట్టే. ఉబ్బితే నాకు కబురు పెట్టండి. నోట్లో మాత్రం ఏమీ పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తది."

ఆయన స్కూటరు మలుపు తిరిగిందో లేదో, జనం గిన్నెలతో దిగారు. ఒకరు మజ్జిగ, ఒకరు ఆముదం. ఎదురింటి అత్త చెంబులో ఏదో నల్లటి కషాయం తెచ్చింది.

"గొట్టంతో పోస్తే క్షణంలో లేస్తదిరా."

"ముందు నువ్వు తాగత్తా. నువ్వు లేచి నడిస్తే దానికీ పోద్దాం."

"నీ నోట్లో మన్ను బడ!" అంటూ చెంబుతో సహా వెళ్ళిపోయింది. ఆ పూటంతా నా ఉద్యోగం అదే: పాక గుమ్మంలో నిలబడి వైద్యాన్ని ఆపడం.

లోపల నాన్న డొక్కలో పిడికిలి పెట్టి కూర్చున్నాడు. గేదె ఇంకా వణుకుతూనే ఉంది. ఎండ పాక దాటి గడ్డివాము మీదికి పోయింది.

"ఏంది నానా, కదిలిందా?"

"నువ్వు పెట్టి చూడరా. నా చెయ్యి వణుకుతుంది. దానిదేదో నాదేదో తెలవట్లా."

పిడికిలి ఆనించాను. ఏమీ లేదు. వేడి చర్మం, దాని కింద గట్టిగా బిగుసుకున్న పొట్ట. పిడికిలిని ఇంకాస్త లోపలికి అదిమాను. చాలాసేపటికి లోపల ఎక్కడో ఏదో బరువుగా దొర్లి, నా పిడికిలిని పైకి నెట్టి, మెల్లగా దిగిపోయింది.

"కదిలింది."

"ఎగతాళి కాదుగా?" అన్నాడు నాన్న.

"కాదు."

"ఒట్టు?"

"ఒట్టు నానా."

అమ్మ ఒట్టును కూడా నమ్మలేదు. నా చెయ్యి తీసి పక్కన పడేసి, తన పిడికిలి పెట్టింది. నాన్నా నేనూ డొక్కను వదిలేసి ఆమె ముఖాన్నే చూస్తూ నిలబడ్డాం. తర్వాత, అటు తిరిగే, కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఈ ఇంట్లో ఇన్నాళ్ళకు ఒక్క నిజం చెప్పావురా" అంది.